సోమవారం దాకా ఉండి వెళ్ళొచ్చుగా

మా అమ్మమ్మ పోయి ఏడాది కావస్తోంది. తొంభై ఒక్క ఏళ్ళు బతికింది. ఎవరికి చెప్పినా ముందు వయసే అడుగుతారు, తొంభై ఒకటి అనగానే వాళ్ళ ముఖంలో ఉన్న జాలి కాస్తా తేలిపోతుంది. "ఇంకేం, నిండు జీవితం, మంచాన పడకుండా దాటిపోయింది, పండుటాకు రాలింది అనుకోండి" అంటారు. ఓదార్పుకే అంటారని తెలుసు, నేనూ ఎన్నో ఇళ్ళల్లో అదే మాట అని వచ్చాను. కానీ నాకు నలభై ఒక్క ఏళ్ళు, కిందటేడు దాకా అమ్మమ్మ లేని రోజు నాకు ఒక్కటి కూడా లేదు. అన్నేళ్ళు ఉన్న మనిషి పోతే తక్కువ బాధపడాలని ఎందుకంటారో నాకు ఈ ఏడాదిగా అర్థం కావట్లేదు. ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత లోపలికి వేళ్ళు దిగి ఉంటాయి కదా.

అందుకే రాస్తున్నాను. తొంభై ఒకటి అనే అంకె కాదు, ఆ అంకెలో ఏముందో ఒక్కసారి అక్షరాల్లో పెట్టాలనిపించింది.

మా అమ్మమ్మది దివిసీమ. తెలియనివాళ్ళ కోసం చెప్తాను, కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలోకి వెళ్తుంది, ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ దాటి కోడూరు వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉన్న చిన్న ఊరు. పుట్టిల్లు మాత్రం నదికి అవతల, రేపల్లె దగ్గర. పెనుమూడి రేవులో పడవెక్కి, కృష్ణ దాటి, పులిగడ్డలో దిగి కాపురానికి వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు అక్కడ పెద్ద వంతెన ఉంది, కారులో పది నిమిషాలు కూడా పట్టదు, కానీ ఆవిడ వంతెన మీద వెళ్తున్నప్పుడు కూడా "పడవ దాటేటప్పుడు మాట్లాడకండర్రా" అని మమ్మల్ని కసిరేది.

పుట్టినరోజు ఎప్పుడంటే ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటుంది. ఆ ఊళ్ళో ఆవిడ ఈడువాళ్ళందరూ జనవరి ఒకటో తారీకునే పుట్టారు, కార్డుల ప్రకారం. అమ్మమ్మ లెక్క వేరు. "శ్రీముఖ నామ సంవత్సరం, శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం నాడు, పేరంటాళ్ళు తాంబూలాలు తీసుకుని గుమ్మం దిగుతుంటే పుట్టాను" అని చెప్పేది, తను చూసినట్టుగా. అంటే 1933. పెళ్ళి గాంధీగారిని చంపిన ఏడు వైశాఖంలో. పెద్దమావయ్య పుట్టింది బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు, అంటే 1952. ఆవిడ జ్ఞాపకాల్లో తారీకులు ఉండవు, ఒక్కో ఏడాదికి ఒక్కో గుర్తు ఉంటుంది. 1993లో మళ్ళీ శ్రీముఖ వచ్చింది, ఉగాది పంచాంగంలో ఆ పేరు వినగానే "నా సంవత్సరం నన్ను వెతుక్కుంటూ వచ్చిందే అమ్మడూ" అని చిన్నపిల్లలా సంతోషపడటం నాకు బాగా గుర్తు. ఆ రోజు మా అందరికీ రెండేసి బొబ్బట్లు ఎక్కువ పడ్డాయి.

ఇంకా అన్నిటికంటే పెద్ద గుర్తు ఒకటి ఉంది, ఉప్పెన. ఆ ఇంట్లో ఏ సంగతి చెప్పాలన్నా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే మొదలుపెడతారు. దాని గురించి రాస్తాను, కానీ ముందు ఆవిడ మాటొకటి చెప్పాలి.

సెలవులకి వెళ్ళి తిరిగి బయల్దేరేటప్పుడు, మనం ఏ రోజున బయల్దేరినా సరే, అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒకటే మాట అనేది. "సోమవారం దాకా ఉండి వెళ్ళొచ్చుగా." మంగళవారం బయల్దేరుతున్నా అదే మాట, శుక్రవారం బయల్దేరుతున్నా అదే మాట. "నిన్నేగా అమ్మమ్మా సోమవారం" అంటే, "మళ్ళీ సోమవారం రాదా ఏంటి" అనేది. మేమంతా దాన్ని ఆవిడ ఊతపదం అనుకున్నాం. మనవలం ఒకరినొకరు ఫోన్లో కూడా అలాగే ఆటపట్టించుకునేవాళ్ళం, ఏ పెళ్ళికో కలిసి విడిపోయేటప్పుడు "సోమవారం దాకా ఉండొచ్చుగా" అనుకుని నవ్వుకునేవాళ్ళం.

అమ్మమ్మ ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది దాలి. దొడ్లో చింతచెట్టు పక్కన చిన్న మట్టి కట్ట, దానిలో గుంట, ఆ గుంటలో పిడకలు పేర్చి నిప్పు వేసి పైన పాలకుండ పెట్టేది. మంట రానివ్వదు, పొగ మాత్రం సన్నగా వస్తూ ఉంటుంది. పొద్దున ఏడింటికి పెట్టిన పాలు మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా అలా కాగుతూనే ఉంటాయి, పొంగవు, అడుగంటవు, నెమ్మదిగా ఎర్రబడతాయి, కొత్త ఇటుక రంగుకి వస్తాయి. పైన మీగడ వేలి మందాన కడుతుంది, అంచుల దగ్గర కాస్త ముదురు రంగులో ముడతలు పడి. అమ్మమ్మ గరిటె అంచుతో ఆ ముడతని పక్కకి జరిపి పాలు వంచేది, మీగడ చెదరకుండా. అవి రాత్రికి తోడేస్తే పొద్దున్నకి పెరుగులో పొగ వాసన ఉంటుంది. ఆ పెరుగుతో చద్దన్నం కలిపి, మాగాయ టెంక పక్కన పెట్టి, మమ్మల్ని చుట్టూ కూచోబెట్టి చేతిలో ముద్దలు పెట్టేది. ఎవరి వంతు ఎప్పుడో మేం మర్చిపోయినా ఆవిడ చెయ్యి మర్చిపోదు. హైదరాబాద్‌లో నేను ఎన్ని రకాల పాలు కొన్నానో, ఎంత సన్నని మంట మీద పెట్టానో, ఆ రంగు ఎప్పుడూ రాలేదు. గ్యాస్ పొయ్యి వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు దాలి మానలేదు ఆవిడ. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో పిడకల బుట్ట ఎత్తబోయి నడుం పట్టేస్తే అప్పుడు మా అత్తయ్య బలవంతంగా మాన్పించింది.

రెండోది గోడ మీద గీత.

వసారాలో, వీధి గుమ్మానికి కుడివైపు గోడ మీద, నాలుగున్నర అడుగులకి కాస్త పైన ఒక అడ్డ మరక ఉంటుంది. గోధుమ రంగు, కొన్ని చోట్ల నలుపు. ఆ ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేసినా అక్కడ మాత్రం బెత్తెడు వెడల్పున, బారెడు పొడుగున వదిలేస్తారు. అది ఉప్పెన నీళ్ళు వచ్చి ఆగిన గీత.

1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. చేలల్లో వరి కోతకొచ్చి ఉంది. అప్పటికి ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, తాతయ్య, పద్నాలుగేళ్ళ మావయ్య, పదేళ్ళ పిన్ని. పెద్దమావయ్య ఉద్యోగానికి విజయవాడలో ఉన్నాడు, మా అమ్మకి అప్పటికే పెళ్ళయి గుడివాడలో ఉంది. ఈ సంగతులన్నీ నాకు మావయ్యా పిన్నీ చెప్పినవే, అమ్మమ్మ చెప్పింది చాలా తక్కువ. ముందురోజు నుంచీ గాలి, పొద్దున్నకి ఇంటి పెంకులు ఎగరడం మొదలైంది, మధ్యాహ్నానికి మనిషి నిలబడే పరిస్థితి లేదు. సాయంత్రం అవుతుండగా ముందు వాసన వచ్చిందట. బురద వాసన, ఉప్పు వాసన. "సముద్రం అంత దూరాన ఉంది, వాసన ఇంట్లోకి ఎలా వచ్చిందా అనుకున్నా" అని అమ్మమ్మ ఒకే ఒక్కసారి అనగా విన్నాను. అన్నం వార్చేంత సేపట్లో వసారాలో ఛాతీ లోతు నీళ్ళు. తాతయ్య పిల్లలిద్దర్నీ అటక మీదకి తోశాడు, అమ్మమ్మని చెయ్యి పట్టి లాగాడు. సగం కప్పు లేచిపోయిన ఇంట్లో, ఆ అటక మీద, నలుగురూ తెల్లారేదాకా కూర్చున్నారు. పిన్నిని అమ్మమ్మ తన చీర కొంగుతో దూలానికి కట్టేసిందట, నిద్రలో జారిపోతుందేమోనని.

సముద్రం దగ్గరి ఊళ్ళకి ఆ అదృష్టం కూడా లేదు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళుగా కొట్టుకుపోయాయి. మొత్తం పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది వైపే మా తాతయ్య చెల్లెల్ని ఇచ్చారు, అంటే అమ్మమ్మ ఆడబిడ్డ. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, ముగ్గురు పిల్లలు. ఆరుగురిలో ఒక్కరు మిగల్లేదు. తాతయ్య అయిదు రోజులు వెతికి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. దేవుడి గదిలో ఆ ఆడబిడ్డ పెళ్ళి ఫోటో ఒకటి ఉండేది, కింద అంచు నీళ్ళకి నానిపోయి, దండ మాత్రం రోజూ కొత్తది.

ఆ తర్వాత రోజుల గురించి అమ్మమ్మ కొంచెం మాట్లాడేది. తాగడానికి నీళ్ళు లేవు, బావులన్నీ ఉప్పుతేలాయి. హెలికాప్టర్లలోంచి పొట్లాలు పడేవి. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి సినిమావాళ్ళు ఊరూరా జోలె పట్టి విరాళాలు పోగుచేశారు, ఎక్కడెక్కడి నుంచో మనుషులొచ్చి శవాలు తీశారు. "మా ఇంట్లోవాళ్ళని తీసినట్టు తీశారు, ముక్కు మూసుకోలేదు" అనేది అమ్మమ్మ. ఒక పాత చీర ఉండేది ఆవిడ ట్రంకు పెట్టెలో, నేరేడు రంగు, సన్న అంచు, ఒక చోట చిన్న రఫూ. విరాళాల మూటలో ఆవిడకి వచ్చిన చీర అది. ఎవరో ఏ ఊళ్ళోనో కట్టి, చిరిగిన చోట ఓపిగ్గా రఫూ చేసుకుని, ఉతికి మడతపెట్టి ఇచ్చిన చీర. ఒంటి మీద ఉన్న బురద చీర విప్పి అది కట్టుకుందట. "ఆ తల్లి ఎవరో, పిల్లాజెల్లాతో చల్లగా ఉండాలి" అని, పెట్టె తెరిచినప్పుడల్లా అనేది. మేం నలభై ఏళ్ళు విన్నాం ఆ మాట. ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి కోసం నలభై ఏడేళ్ళు దణ్ణం పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పొలం ఎండేసరికి తెల్లగా ఉప్పు పొంగింది. రెండెకరాలు. కాలవ నీళ్ళు పెట్టడం, రెండ్రోజులు నిలవ ఉంచి తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ తీసెయ్యడం. నోట్లో వేసుకుని మట్టి రుచి చూసేవాళ్ళట, ఉప్పదనం తగ్గిందా లేదా అని. మావయ్య చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ లోటుగా చెప్పుకోలేదు కానీ అమ్మమ్మకి మాత్రం అది చివరిదాకా ఉండిపోయింది, మాలో ఎవరు పాసైనా ముందు మావయ్య చేతిలో స్వీటు పెట్టించేది.

ఇక ఆ గీత. ఇల్లు బాగుచేసి మొదటిసారి సున్నం వేసినప్పుడు అమ్మమ్మే అక్కడ వద్దందట. తాతయ్య పొద్దస్తమానం దాన్ని చూడలేనన్నాడట, ఈవిడ వినలేదు. ప్రతి సంక్రాంతికీ, భోగి స్నానాలు అయ్యాక, పిల్లలందర్నీ ఆ గోడకి ఆనించి నిలబెట్టేది. తల మీద అరచెయ్యి ఆనించి బొగ్గుతో గుర్తు పెట్టేది. గీతకి ఎన్ని వేళ్ళు తక్కువో కొలిచేది. అందరిళ్ళల్లో పిల్లల ఎత్తులు కొలుచుకుంటారు, మా ఇంట్లో మాత్రం మేం ఎంత పెరిగామన్నది కాదు లెక్క, గీత దాటామా లేదా అన్నదే. దాటినవాళ్ళకి ఆ రోజు పెద్ద గ్లాసు నిండా దాలి పాలు, పైన మీగడ మొత్తం. నేను 1996లో దాటాను, పన్నెండేళ్ళకి. ఎందుకమ్మమ్మా ఇది కొలవడం అని ఆ రోజు అడిగాను. మీగడ గ్లాసులోకి జార్చుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది, "ఇంక నీళ్ళొచ్చినా నీ తల పైనే ఉంటుంది."

అప్పుడు పాల మీద ఉన్న ధ్యాస ఆ మాట మీద లేదు నాకు. నా కూతుర్ని మొదటిసారి ఆ గోడకి నిలబెట్టినప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

ఆవిడ భయం ఎంత గట్టిదో నేను ఆరేళ్ళప్పుడు చూశాను. 1990 మే, ఎండాకాలం సెలవులు. మనవలం ఆరుగురం అక్కడే ఉన్నాం. అమ్మమ్మకి రేడియో అంటే పొద్దున విజయవాడ స్టేషన్ భక్తిరంజని, ప్రాంతీయ వార్తలు, వాతావరణం. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది. బందరు రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఏమిటో ఆవిడకి కంఠతా వచ్చు. ఆసారి నంబరు పెరుగుతోందని విన్న మధ్యాహ్నమే, ఇంకా వాన గట్టిగా మొదలవకముందే, మమ్మల్ని బయల్దేరదీసింది. అటుకులు, బెల్లం, రెండు బిందెల నీళ్ళు, కిరసనాయిల్ లాంతరు, పొలం కాగితాలు. తాతయ్య "గాలి చూసి వెళ్దాంలే" అంటున్నాడు. "చూసింది చాలు" అంది. అంతే, తాతయ్య ఇంకేం మాట్లాడకుండా లేచి బిందె ఎత్తుకున్నాడు.

స్కూలు డాబాలో ఊరు ఊరంతా. ఆ రాత్రి గాలి అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. లాంతరు ఆరిపోయింది. చీకట్లో అమ్మమ్మ చెయ్యి మా తలల మీద ఒక్కొక్కటిగా వచ్చేది, ఒకటి, రెండు, మూడు, ఆరు దాకా. కాసేపాగి మళ్ళీ ఒకటి. నేను నిద్రలోకి జారి మెలకువ వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఎక్కడో ఒక తల మీద ఉండేది. నూనె రాసుకున్న అరచెయ్యి, బొటనవేలి దగ్గర గరుకు. తెల్లారి చూస్తే మా గేదెల పాక లేదు, కొబ్బరిచెట్లు పడిపోయి ఉన్నాయి, ఇల్లు నిలబడింది. ఆసారి ముందుగా లక్షకి పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకి తరలించారని, పదమూడేళ్ళ కిందట పోయినంతమంది ఈసారి పోలేదని పెద్దయ్యాక చదివాను. అమ్మమ్మ చదవలేదు, ఆవిడకి తెలుసు. "అప్పుడు చెప్పేవాళ్ళు లేరు, ఇప్పుడు చెప్తే విన్నారు" అంది.

ఆ గరుకు బొటనవేలు గురించి ఒక మాట. కవ్వం తాడు, దంచుడు, పిడకలు, నాట్లు, డెబ్భై ఏళ్ళ పని ఆ వేళ్ళ మీద గీతలన్నీ అరగదీసింది. పింఛను మిషను మీద వేలు పెడితే పడేది కాదు. కొబ్బరినూనె రాసి తుడిచి, నిమ్మకాయ రుద్ది, తడి గుడ్డతో పట్టి, పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించేవాళ్ళు. ఒకసారి రెండు నెలలు డబ్బు ఆగింది, మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా మిషను ఒప్పుకోలేదని. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరెవరికో ఫోన్లు చేశాను. ఆవిడకి రాలేదు. వేళ్ళు చూసుకుని "ఇవి ఏం చేశాయో దానికేం తెలుసు పాపం" అంది. 2024 జులైలో పింఛను నాలుగు వేలు చేసి, మూడు నెలల పెంపు కూడా కలిపి ఏడు వేలు ఇంటికి తెచ్చిచ్చారు. ఆ రోజు కళ్ళతోనే పని అయిపోయింది, వేలు అడగలేదు. ఏడు వేలల్లో అయిదొందలు నా కూతురికి, అయిదొందలు గుడికి, మిగతాది అత్తయ్య చేతికి.

తాతయ్య 2003లో పోయాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆవిడ ఒక్కతే ఆ వసారా మంచం మీద. దాని గురించి ఎక్కువ రాయలేను. రాత్రిళ్ళు ఎప్పుడైనా మెలకువ వస్తే పక్కన ఖాళీ మంచం మీద దుప్పటి సరిచేసి పడుకునేదని అత్తయ్య చెప్పింది.

చివరిసారి చూసింది 2025 సంక్రాంతికి. చూపు తగ్గింది, చెవులు కొంచెం, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. నడుం బాగా ఒంగిపోయింది. భోగి రోజు నా కూతుర్ని గోడకి నిలబెట్టి మావయ్య బొగ్గు తీశాడు. అమ్మమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి, "నన్నూ కొలవరా" అంది. అందరం నవ్వాం. నిలబెట్టి చూస్తే, ఎంత నిటారుగా నిలబడదామని చూసినా, ఆవిడ తల గీతకి నాలుగు వేళ్ళు కింద ఉంది. నా కూతురు మూడు వేళ్ళు కింద. "నేనూ ఇదీ ఒక జట్టు ఇప్పుడు" అని దాని చెయ్యి పట్టుకుంది. మావయ్య ఇద్దరికీ గుర్తులు పెట్టాడు. నేను నవ్వుతూనే ఉన్నాను కానీ లోపల ఎక్కడో కలుక్కుమంది.

పండగ అయింది, శని, ఆదివారాలు కూడా ఉన్నాం. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. గుమ్మం దాకా రాలేకపోయింది, మంచం మీదే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"రేపు సోమవారమేగా. ఉండి వెళ్దువుగానిలే."

ఈసారి అది ఊతపదం కాదు, నిజంగానే మర్నాడు సోమవారం. "పొద్దున పదింటికి ఆఫీసులో మీటింగ్ ఉంది అమ్మమ్మా, శివరాత్రికి వస్తాగా" అన్నాను. "సరే తల్లీ, జాగ్రత్తగా వెళ్ళు" అని చెయ్యి వదిలింది. గురువారం తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

ఆ మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నామో ఎంత ఆలోచించినా ఒక్క ముక్క గుర్తు రావట్లేదు.

పెద్దకర్మ రోజు రాత్రి దొడ్లో కూర్చుని ఉన్నాం, నేను, అమ్మ, పిన్ని. ఇలా సోమవారం ఉండమంది పిన్నీ, ఉండలేదు అని ఏడ్చాను. పిన్ని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఉప్పెన వచ్చిన వారంలోనే, నాగుల చవితికి, ఆ ఆడబిడ్డ ముగ్గురు పిల్లలతో పుట్టింటికి వచ్చిందట. పుట్టలో పాలు పోశారు, చిమ్మిలి చేసుకున్నారు. గురువారం బయల్దేరుతుంటే అమ్మమ్మ అందట, "సోమవారం దాకా ఉండి వెళ్ళొచ్చుగా, కార్తీక సోమవారం ఇద్దరం శివాలయంలో దీపాలు పెట్టుకుందాం" అని. "కోతలకి మనుషుల్ని చూసుకోవాలి వదినా, ఆయన ఒక్కడే ఉన్నాడు" అని ఆవిడ బండెక్కిందట. "ఒక్కసారే అన్నాను, గట్టిగా అనలేదు, చెయ్యి పట్టి ఆపలేదు" అని అమ్మమ్మ ఆ అటక మీద రాత్రంతా అంటూనే ఉందట. పదేళ్ళ పిల్ల, దూలానికి కట్టేసి ఉన్న పిల్ల, అది వింటూ కూర్చుంది. ఆ తర్వాత అమ్మమ్మ ఆ విషయం ఎవరితోనూ అనలేదు, పిన్ని కూడా అనలేదు.

నలభై ఏడేళ్ళు. ప్రతి ప్రయాణానికీ, ప్రతి మనిషికీ, ఏ వారమైనా సరే.

మేం దాన్ని అనుకరించి నవ్వుకున్నాం. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. పిన్ని మాత్రం "మీరు నవ్వుకోవడం అమ్మకి తెలుసే, మీరు నవ్వుతున్నారంటే ఉన్నారనేగా" అంది. ఆ మాట పట్టుకునే ఈ ఏడాది నెట్టుకొచ్చాను.

అస్థికల గురించి అమ్మమ్మ ముందే చెప్పి పెట్టింది. మా వైపు చాలామంది హంసలదీవికి తీసుకెళ్తారు, కృష్ణ సముద్రంలో కలిసే చోటు, సాగరసంగమం, పుణ్యం అంటారు. తాతయ్యవి అక్కడే కలిపారు. కానీ ఆవిడ "నన్ను సముద్రానికి ఇవ్వకండి, పులిగడ్డ రేవులో కృష్ణలో కలపండి, నేను ఈ సీమలో అడుగుపెట్టిన చోట" అందట. మావయ్య "నది తీసుకెళ్ళేది అక్కడికేగా అమ్మా" అంటే, "దాని దారిన అది పోతుంది, నువ్వు మాత్రం తీసుకెళ్ళకు" అందట. అలాగే చేశాడు. నీళ్ళు ఆ రోజు చాలా తక్కువ ఉన్నాయి, మోకాలి లోతు దాకా నడిచి వెళ్ళి వదిలాడు. వంతెన మీద బస్సులు పోతున్నాయి. మేమెవ్వరం మాట్లాడలేదు, పడవ దాటేటప్పుడు మాట్లాడకూడదన్నట్టు.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. సంవత్సరీకం ముందు ఇంటికి రంగు వేయిస్తున్నారట, సున్నం కాదు, ఈసారి డిస్టెంపర్. పనివాళ్ళకి గీత సంగతి చెప్పేలోపే అత్తయ్య వెళ్ళి దాని మీద, కింద రెండు బొగ్గు గుర్తులతో సహా, న్యూస్‌పేపర్ అంటించేసి వచ్చిందట.

తిథి ప్రకారం సోమవారం పడింది అన్నాడు. నేను శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. బుధవారం దాకా సెలవు పెట్టాను.